కుట్టుపనివారి కూలి – వారి బిడ్డల చదువు

మనము ధరించు చొక్కాలు, రవికలు, పిల్లల లాగులు నేడు చాలవఱకు కర్మాగారములలో కుట్టబడి వచ్చుచున్నవి. ఒకప్పుడు వీథి చివరనున్న దర్జీ కొలతలు తీసికొని కుట్టి యిచ్చెడివాడు. అతడెవరో మన మెఱుగుదుము. అతని పిల్లలు ఏ బడిలో ఏ తరగతి చదువుచుండిరో కూడ ఎఱుగుదుము. నేడు అంగడిలో మడతపెట్టి అమ్ము చొక్కాను ఎవరు కుట్టిరో మన మెఱుగము. మెడవద్ద కుట్టిన చిన్న పట్టీమీద దేశము పేరు ఉండును గాని కుట్టిన మనిషి పేరు ఉండదు. ఆ మనిషికి ఎంత కూలి ముట్టినది, ఆ కూలితో ఆమె బిడ్డ బడికి పోవుచున్నదా, పనికి పోవుచున్నదా అను ప్రశ్నకు ఆ పట్టీ జవాబు చెప్పదు. ఈ వ్యాసములో మేము ఆ ప్రశ్నను గూర్చియే పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

బీద తలిదండ్రులు బిడ్డలను బడి మాన్పించి పనికి పంపుట చూచినపుడు మనము త్వరపడి రెండు మాటలు అందుము. "వారికి చదువు విలువ తెలియదు" అనునది మొదటి మాట. "బాలలచేత పని చేయించుటను నిషేధించినచో సరిపోవును" అనునది రెండవ మాట. మొదటి మాటలో న్యాయము లేదు. రెండవ మాటలో న్యాయ మున్నను అది చాలదు. ఈ సంగతిని ఒట్టి వాదముచేత గాక ఒక దేశపు అనుభవముచేత చూపుట మేలని మాకు తోచినది. ఆ దేశము మన పొరుగుననున్న బంగ్లాదేశము. కుట్టుపనిమీద అంతగా ఆధారపడి బ్రతుకుచున్న దేశములు అరుదు. కూలికిని చదువునకును గల సంబంధము అంత స్పష్టముగా కనబడు చోట్లును అరుదు.

పరిశ్రమ పుట్టుక

1978వ సంవత్సర ప్రాంతమున నూరుల్ ఖాదర్ అను మాజీ ప్రభుత్వోద్యోగి 'దేశ్ గార్మెంట్స్' అను సంస్థను స్థాపించి, దక్షిణ కొరియాలోని డేవూ సంస్థతో ఒడంబడిక చేసికొనెను. 1979లో సుమారు 130 మందిని కొరియాకు పంపి పని నేర్పించెను. అట్లు నేర్చి వచ్చినవారిలో అనేకులు తరువాత తామే కర్మాగారములు పెట్టుకొనిరి. ఇట్లు ఒక దీపమునుండి పలుదీపములు వెలిగినట్లు ఆ పరిశ్రమ వ్యాపించినది.

అది అంత వేగముగా వ్యాపించుటకు మఱియొక కారణము కలదు. 1974లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ వస్త్రవ్యాపార ఒప్పందము ననుసరించి, ధనిక దేశములు ఏ దేశమునుండి ఎంత సరకు కొనవలెనో పరిమితులు విధించినవి. పరిమితి నిండిపోయిన దేశములలోని వ్యాపారులు, పరిమితి నిండని దేశములను వెదకుకొనుచు పోయిరి. బంగ్లాదేశము వారికి అట్లు దొరకినది. 2004 అంతముతో ఆ పరిమితులు తొలగిపోయినవి. అప్పుడు ఆ దేశపు పరిశ్రమ కూలిపోవునని పలువురు భయపడిరి. కాని అది కూలలేదు సరిగదా, ఇంకను పెరిగినది. పెరుగుటకు గల హేతువులలో ముఖ్యమైనది ఒక్కటే: అక్కడ కుట్టు చేతుల ధర మిక్కిలి చౌక. నేడు ఆ దేశపు ఎగుమతులలో అయిదింట నాలుగు పాళ్లకు మించి తయారు దుస్తులే. సుమారు 40 లక్షలమంది ఆ పనిలో నున్నారు. వారిలో అధికసంఖ్యాకులు పల్లెలనుండి వచ్చిన స్త్రీలు.

కూలి లెక్క

ఈ పరిశ్రమలో కనీస వేతనము 1994లో నెలకు 930 టాకాలుగా నిర్ణయింపబడినది. 2006 వఱకు, అనగా పండ్రెండేండ్లు, అది మాఱలేదు. ఈలోపల బియ్యపు ధర మాఱినది, ఇంటి అద్దె మాఱినది; కూలి మాత్రము మాఱలేదు. 2006లో అది 1,662 టాకాల 50 పైసలైనది. 2010లో 3,000, 2013లో 5,300, 2018లో 8,000 టాకాలైనది. 2023 డిసెంబరునుండి 12,500 టాకాల వేతనము అమలులోనికి వచ్చినది. ఈ మెట్లలో ఏదియు అడుగకుండ దొరకినది కాదు. ప్రతి పెంపునకు ముందో వెనుకనో కార్మికులు వీథులలోనికి వచ్చిరి. 2023లో సంఘములు 23,000 టాకాలు కోరినవి; ఆ ఆందోళనలో కొందఱు కార్మికులు ప్రాణములను గోలుపోయిరి.

12,500 అన్నపుడు అంకె పెద్దదిగానే వినబడును. దానిని ఇంటిలోనికి తెచ్చి చూతము. అయిదుగురున్న కుటుంబములో ఒక్కరే సంపాదించుచున్నచో మనిషికి నెలకు 2,500 టాకాలు, దినమునకు 83 టాకాలు వచ్చును. అందులోనే అద్దె, తిండి, బట్ట, మందు, పల్లెలోని ముసలివారికి పంపవలసిన సొమ్ము ఇముడవలెను. 2018నుండి 2023 వఱకు నున్న 8,000 టాకాల కాలములో ఇదే లెక్క దినమునకు 53 టాకాలు. భార్యాభర్త లిరువురును కుట్టుపనిలో నున్నచో ఈ అంకెలు రెట్టింపగును. అప్పటికిని అద్దె పోగా మిగులునది స్వల్పమే. ఓవర్‌టైము చేసినచో కొంత కలిసివచ్చును. కాని దానికి చెల్లింపవలసిన మూల్యము వేఱుగ నున్నది.

కూలి బిడ్డను తాకు మార్గములు

తల్లికి వచ్చు కూలి తక్కువైనపుడు అది బిడ్డ చదువును ఏ యే దారుల వెంబడి తాకునో విడదీసి చూచుట అవసరము.

మొదటి దారి ఖర్చు. బంగ్లాదేశములో ప్రాథమిక విద్యను నిర్బంధము చేయు శాసనము 1990లో వచ్చినది. ప్రభుత్వ పాఠశాలలో జీతము లేదు. అయినను బలపము, యూనిఫారము, పరీక్ష రుసుము, చెప్పులు అన్నియు కొనవలసినవే. ఆ దేశమున ప్రైవేటు చదువు చెప్పించుకొనని పిల్లవాడు తరగతిలో వెనుకబడుట మామూలు గనుక, ట్యూషను ఖర్చు కూడ తప్పనిదైనది. చదువు ఉచితమని చెప్పుట సులభము. ఉచితమైనది గది మాత్రమే.

రెండవ దారి కాలము. చట్టము ప్రకారము పని దినమునకు ఎనిమిది గంటలు. రెండు గంటలు అదనముగా చేయించుకొనవచ్చును. కూలి తక్కువగుటచేత ఆ అదనపు గంటలను కార్మికురాలు కాదనలేదు. ఆమె ఉదయము బయలుదేఱి రాత్రి ఇల్లు చేరును. ఆ నడుమ పసిబిడ్డను ఎవరు ఎత్తుకొందురు? 40 మందిగాని అంతకు మించిగాని స్త్రీలున్న కర్మాగారములో ఆఱేండ్ల లోపు బిడ్డలకు శిశుసంరక్షణ గది ఉండవలెనని 2006 నాటి కార్మికశాసనము చెప్పుచున్నది. కాని గది ఉన్నచోట సైతము, రద్దీ బస్సులో పసివానిని ఎత్తుకొని పోవుట ప్రతి తల్లికిని సాధ్యము కాదు. అందుచేత ఆ భారము పెద్దకూతురి చంకకు ఎక్కును. తొమ్మిదేండ్ల పిల్ల తమ్ముని ఎత్తుకొని, కుండలో నీరు నింపి, అన్నము వండి తల్లికొఱకు వేచియుండును. ఆ పిల్లను ఎవ్వరును కార్మికురాలని పిలువరు; ఆమె పేరు ఏ కూలిపట్టీలోను ఉండదు. కాని తల్లి చేయు ఓవర్‌టైములో సగము ఆ పిల్ల చేసినదే. మేము పైని చెప్పిన మూల్య మిదియే.

మూడవ దారి ఎడబాటు. పట్నములో గది అద్దె భరింపలేక, బిడ్డను చూచువారు లేక, అనేకమంది తల్లులు బిడ్డలను పల్లెలో అమ్మమ్మ వద్దనో నాయనమ్మ వద్దనో విడిచి వత్తురు. పండుగలకు మాత్రము చూచుకొందురు. పట్నమునకు వెంట తెచ్చుకొన్న బిడ్డలకు మఱియొక చిక్కు కలిగినది. ఆ దేశము 1993లో బడికి పోవు పిల్లల యింటికి ధాన్యమిచ్చు పథకమును, 1994లో ఉన్నత పాఠశాలల బాలికలకు దేశవ్యాప్తముగ ఉపకారవేతనములను నెలకొల్పినది. ఇవి ప్రపంచము మెచ్చిన మంచి పనులు. కాని ఇవి మొదట పల్లెప్రాంతముల కొఱకే ఉద్దేశింపబడినవి. పల్లెలో ఆకలి తాళలేక మహానగరమునకు వచ్చిన కుటుంబము, ఆ వచ్చుటచేతనే, ఆ సహాయమునకు దూరమైనది.

నాల్గవ దారి ఆపద. కూలి తక్కువైన యింటిలో మిగులు ఉండదు. మిగులు లేని యింటికి ప్రతి చిన్న గాలియు తుపానే. తండ్రికి జ్వరము వచ్చినను, కర్మాగారము మూతపడినను, అద్దె పెరిగినను అప్పు చేయవలెను. అప్పు తీర్చుటకు చేతిలోనున్న ఆస్తి ఒక్కటే: బడికి పోవుచున్న పెద్దబిడ్డ. "ఈ నాలుగు నెలలే" అని మాన్పింతురు. నాలుగు నెలలు బడి మానిన బిడ్డ మరల పాత తరగతిలో కూర్చుండుట ఎంత కష్టమో ఉపాధ్యాయులందఱు ఎఱుగుదురు.

అయిదవ దారి చట్టములోనే గల సందు. ప్రాథమిక విద్య అయిదవ తరగతితో ముగియును; అప్పటికి పిల్లవానికి పదియో పదునొకండో ఏండ్లుండును. పనికి చేరుటకు కనీస వయస్సు 2006 నాటి శాసనము ప్రకారము పదునాలుగు. ఈ నడుమ మూడు నాలుగేండ్లు ఆ పిల్లవాడు ఎక్కడ నుండవలెను? ఉన్నత పాఠశాలకు పంపుటకు డబ్బు లేదు. పనికి పంపుటకు చట్టము ఒప్పదు. ఆ సందులోననే వేలకొలది పిల్లలు జారిపోవుచున్నారు.

ఈ అయిదు దారులలో ఏ యొక్కటియు "చదువు విలువ తెలియకపోవుట" అను చోటునుండి బయలుదేఱలేదని పాఠకులు గమనింపవలెను.

నిషేధము నేర్పిన పాఠము

ఇప్పుడు రెండవ మాటకు వత్తము. నిషేధించినచో చాలునా? దీనికి చరిత్ర ఒక కఠినమైన జవాబు చెప్పినది.

1990 ప్రాంతమున ఢాకాలోని కర్మాగారములలో పదునాలుగేండ్ల లోపు పిల్లలు అనేకులు పని చేయుచుండిరి. దారపు కొసలు కత్తిరించుట, గుండీలు అందించుట, కుట్టిన కట్టలను ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు మోయుట వారి పనులు. 1992లో అమెరికా సెనేటరు టామ్ హార్కిన్, బాలలచేత చేయించిన సరకుల దిగుమతిని నిషేధింపవలెనని ఒక బిల్లు ప్రవేశపెట్టెను. ఆ బిల్లు ఎన్నడును శాసనము కాలేదు. కాని దాని పేరు వినినంతనే కర్మాగారముల యజమానులు బెదరి, పిల్లలను మూకుమ్మడిగా వెళ్లగొట్టిరి. అట్లు వెళ్లగొట్టబడినవారి సంఖ్య సుమారు 50,000 ఉండునని ఐక్యరాజ్యసమితి బాలల నిధి తన 1997 నివేదికలో అంచనా వేసినది.

ఆ పిల్లలు ఎక్కడికి పోయిరి? బడికి పోయిరని దూరదేశములలోని సజ్జనులు అనుకొని సంతోషించియుందురు. కాని వెదకి చూచినపుడు వారిలో అనేకులు రాళ్లు కొట్టుచు, వీథులలో చిల్లర వస్తువులమ్ముచు కనబడిరి. కొందఱు ఆడుపిల్లలు అంతకంటె దారుణమైన బ్రతుకులోనికి ఈడ్వబడిరి. కర్మాగారపు పైకప్పు క్రింద దారము కత్తిరించినదానికంటె ఎండలో రాయి కొట్టుట మేలని ఎవ్వరును అనజాలరు. పిల్లను పనినుండి తీసివేసిరి గాని, ఆ పిల్లను పనికి పంపిన హేతువును ఎవ్వరును తీసివేయలేదు.

ఈ తప్పు తెలిసికొని దిద్దుకొనుట ఆ కథలోని మంచి భాగము. 1995 జులై 4వ తేదీన కర్మాగార యజమానుల సంఘము, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐక్యరాజ్యసమితి బాలల నిధి కలసి ఒక ఒడంబడిక వ్రాసికొన్నవి. దానిలో మూడు అంశములు ముఖ్యమైనవి. బడిలో చోటు సిద్ధము కాక ముందు ఏ పిల్లనుగాని పనినుండి తొలగింపరాదు. బడికి పోవు పిల్లకు నెలకు 300 టాకాల భృతి ఇయ్యవలెను. పిల్ల విడిచిన పనిని ఆ కుటుంబములోని అర్హులైన పెద్దవారికి ఇయ్యవలెను. వెంటనే జరిపిన లెక్కలో కర్మాగారములలో ఇంకను పదివేలకు మించి పిల్లలున్నట్లు తేలినది. వారి కొఱకు స్వచ్ఛంద సంస్థల సహాయముతో మూడువందలకు పైగా పాఠశాలలు తెఱచిరి.

ఈ మూడు అంశములలో మూడవదానిని మేము ప్రత్యేకముగా పేర్కొనుచున్నాము. భృతి మంచిదే గాని అది పిల్ల తెచ్చుచుండిన కూలికి చాలలేదు. పిల్ల పని తల్లికో అన్నకో ఇచ్చినపుడు ఇంటి సంపాదన నిలిచినది, పిల్ల బడికి పోగలిగినది. సమస్య పిల్లయొద్ద లేదు, పెద్దవారి కూలియొద్ద ఉన్నదను సత్యమును ఆ ఒక్క అంశము గుర్తించినది.

నేటి స్థితి

ఆ తరువాత పెద్ద ఎగుమతి కర్మాగారములలో చిన్నపిల్లలు కనబడుట చాలవఱకు తగ్గినది. కాని పని చేయు పిల్లలు లేకపోలేదు. కంటికి కనబడని చోట్లకు మాఱిరి. బూఢీగంగానది ఆవలియొడ్డున కేరానీగంజ్ వంటి చోట్ల స్వదేశపు సంతలకు దుస్తులు కుట్టు చిన్న చిన్న గదులు వేలకొలది ఉన్నవి. అక్కడికి విదేశపు తనిఖీదారులు పోరు. ఇంటివద్ద పూసలు, చమ్కీలు కుట్టు పనిలో తల్లి ప్రక్కన కూర్చుండి కుట్టు పిల్లను ఎవ్వరును లెక్కింపరు.

2016లో బ్రిటనునందలి ఒక పరిశోధన సంస్థ ఢాకా మురికివాడలలో 2,700 గృహములను విచారించి ఒక నివేదిక ప్రకటించినది. ఆఱునుండి పదునాలుగేండ్ల పిల్లలలో నూటికి 15 మంది బడి మాని పని చేయుచుండిరి. వారు సగటున వారమునకు 64 గంటలు పనిలో నుండిరి. పని చేయు బాలికలలో మూడింట రెండువంతులు దుస్తుల పనిలోనివారే. పెద్దవారికి చట్టము విధించిన వారపు హద్దు, ఓవర్‌టైముతో కలిపి 60 గంటలు. పిల్లలు దానిని మించి చేయుచుండిరి. 2022లో ఆ దేశప్రభుత్వము చేసిన జాతీయ గణనలో బాలకార్మికులు 17 లక్షలకు పైగా నున్నట్లును, వారిలో 10 లక్షలకు పైగా ప్రమాదకరమైన పనులలో నున్నట్లును తేలినది. ఇది అన్ని వృత్తులకు సంబంధించిన లెక్క.

నడుమ కోవిడు మహమ్మారి వచ్చినది. 2020 మార్చిలో మూసిన పాఠశాలలు 2021 సెప్టెంబరులో గాని తెఱువబడలేదు. అదే కాలమున విదేశపు కొనుగోలుదారులు కోట్లకొలది డాలర్ల సరకును వలదని త్రోసివేసిరి. కర్మాగారము మూతపడి తల్లికి కూలి లేదు. బడి మూతపడి బిడ్డకు చదువు లేదు. పనిచోట్లు తెఱచునప్పటికి బిడ్డ చేయి పనికి అలవాటుపడినది. బడి తెఱచునప్పటికి అక్షరము మఱపునకు వచ్చినది.

విషవలయము

అర్థశాస్త్రజ్ఞుడు కౌశిక్ బసు, వాన్ అను సహాధ్యయనకారునితో కలసి 1998లో ఒక వ్యాసము ప్రకటించెను. దాని సారము సామాన్యమైన మాటలలో ఇది. పెద్దవారి కూలితో ఇల్లు గడచినచో తలిదండ్రులు బిడ్డను పనికి పంపరు. గడవనపుడే పంపుదురు. అందఱును పంపినచో పనికి వచ్చు చేతుల సంఖ్య పెరిగి పెద్దవారి కూలి ఇంకను పడిపోవును. కూలి పడిపోవుటచేత మరల బిడ్డను పంపవలసి వచ్చును. ఇట్లు తల్లి కూలిని బిడ్డ కూలి, బిడ్డ చదువును తల్లి కూలి తినివేయుచుండును. అందఱును ఒక్కసారిగా బిడ్డలను ఉపసంహరించుకొన్నచో పెద్దవారి కూలి పెరిగి, పంపవలసిన అవసరమే ఉండకపోవచ్చును. కాని ఒంటరిగా ఏ తల్లియు ఆ పని చేయజాలదు. ఒంటరిగా చేసినచో ఆమె యిల్లు ఒక్కటే పస్తుండును. అందుచేతనే ఇది తలిదండ్రుల సద్బుద్ధికి విడిచిపెట్టదగిన విషయము కాదు. సంఘము, ప్రభుత్వము కలసి చేయవలసిన కార్యము.

ఇక్కడ న్యాయము తప్పకుండ రెండవ పార్శ్వమును గూడ చెప్పవలెను. కుట్టుపరిశ్రమ బిడ్డల చదువునకు హాని మాత్రమే చేసినదనుట సత్యము కాదు. హీత్, మొబారక్ అను ఇరువురు పరిశోధకులు 2015లో ప్రకటించిన పరిశీలనలో, కర్మాగారములకు దగ్గఱనున్న గ్రామములలో చిన్న బాలికలు బడిలో చేరుట పెరిగినట్లును, బాల్యవివాహములు తగ్గినట్లును తేలినది. అక్షరము, లెక్క తెలిసిన పిల్లకు మంచి పని దొరకునన్న ఆశ అందుకు కారణము. ఉద్యోగము అను ఆశ బిడ్డను బడికి పంపును. చాలీచాలని కూలి ఆ బిడ్డను నడుమనే బడినుండి వెనుకకు లాగును. కావున పరిశ్రమ పోవలెనని ఎవ్వరును కోరరాదు. కోరవలసినది ఆ పరిశ్రమలో మనిషి బ్రతుకదగిన కూలి.

ఎవరు చెల్లింపవలెను?

కూలి పెంచినచో ధర పెరుగునని, ధర పెరిగినచో కొనుగోలుదారులు వేఱొక దేశమునకు పోవుదురని యజమానులు చెప్పుదురు. ఇందులో మొదటి సగమును కొలిచి చూడవచ్చును. 2017లో ఆస్ట్రేలియా అంగళ్లలో అమ్ము దుస్తుల ధరను విడదీసి లెక్కించినపుడు, కర్మాగారములో కుట్టినవారి కూలి అంగడి ధరలో సగటున నూటికి నాలుగు వంతులని తేలినది; బంగ్లాదేశమునుండి వచ్చినవానిలో రెండు వంతులే. నూఱు రూపాయల చొక్కాలో కుట్టిన చేతికి రెండు రూపాయలు ముట్టుచున్నచో, ఆ కూలిని రెట్టింపు చేసి, ఆ పెంపును ఉన్నదున్నట్లు కొనువానిమీదనే వేసినను చొక్కా ధర నూటరెండు రూపాయలగును. ఆ రెండు రూపాయలకొఱకు ఏ గృహస్థుడును చొక్కా కొనుట మానుకొనడు.

రెండవ సగము మాత్రము నిజమైన భయమే. ఒక్క కర్మాగారమో, ఒక్క దేశమో కూలి పెంచి మిగిలినవారు పెంచనిచో, పెంచినవారు నష్టపోవుదురు. ఇదియు పైని చెప్పిన తల్లి సంకటమువంటిదే. కలసి పెంచుటయే దీనికి మార్గము. అది అసాధ్యము కాదనుటకు ఒక నిదర్శన మున్నది. 2013 ఏప్రిలు 24వ తేదీన ఢాకా సమీపమున సవార్‌లో రాణా ప్లాజా అను ఎనిమిదంతస్తుల భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. ఆ దుర్ఘటన తరువాత 200కు మించిన విదేశపు సంస్థలు కార్మిక సంఘములతో చట్టబద్ధమైన ఒడంబడిక చేసికొని, 1,600కు పైగా కర్మాగారములలో గోడలను, మెట్లను, విద్యుత్తు తీగలను పరీక్షింపజేసినవి. గోడ విషయమున కలసి నిలువగలిగినవారు కూలి విషయమున ఏల నిలువజాలరు? గోడ కూలినపుడు లోకమంతయు చూచును. బిడ్డ బడి మానినపుడు చప్పుడు వినబడదు. తేడా అంతియే.

మన యింటి మాట

ఇదంతయు పరాయిదేశపు కథయని మనము ఊరకుండరాదు. చొక్కా కుట్టుపనితో మొదలు కాదు, ప్రత్తిగింజతో మొదలగును. మన కర్నూలు, గద్వాల ప్రాంతములలో సంకర జాతి ప్రత్తివిత్తనమును పండించు పొలములలో, పూవునుండి పూవునకు పుప్పొడి నంటించు 'క్రాసింగు' పనికి చిన్న బాలికలను పెట్టుట 1990లనుండి విస్తారముగా జరిగినది. చిన్నవ్రేళ్లకు ఆ పని చక్కగా కుదురునని చెప్పుచుండిరి. నిజమైన కారణము చిన్నవ్రేళ్లకు చిన్నకూలి చాలుటయే. బడి గంట మ్రోగు వేళకు ఆ పిల్లలు ప్రత్తిచేలలో వంగియుండిరి.

దీనికి మందును గూడ మనవారే చూపిరి. మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేర 1981లో వెలసిన సంస్థ, శాంతా సిన్హా గారి నాయకత్వమున 1991నుండి రంగారెడ్డి జిల్లాలో బాలలను పనినుండి బడికి మరలించు కార్యమును చేపట్టినది. బడిలో లేని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే అని వారు సూత్రీకరించిరి. పొలములో పని చేయు పిల్లయే గాక, ఇంట తమ్ముని ఎత్తుకొని కూర్చున్న పిల్ల కూడ ఆ లెక్కలోనికి వచ్చినది. పని మానిన పిల్లలకు తమ వయస్సునకు తగిన తరగతిలో చేరునట్లు శిబిరములు పెట్టి చదువు చెప్పించిరి. ఊరంతటిచేత మాట తీసికొనిరి. ఒక్క తల్లిని గాక ఊరిని ఒప్పించుటలోనే ఆ విషవలయమును ఛేదించు రహస్య మున్నది. శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది. 2009లో మన దేశమున వచ్చిన విద్యాహక్కు చట్టము ఆఱునుండి పదునాలుగేండ్ల బిడ్డలందఱికి ఉచిత నిర్బంధ విద్యను హక్కు చేసినది. అయితే 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము, బడి వేళలు గాని సమయమున కుటుంబవృత్తిలో బిడ్డ సాయపడవచ్చునని అనుమతించినది. ఇంటివద్దనే కుట్టుపని తెచ్చుకొను కుటుంబములలో ఈ అనుమతి ఎక్కడ ఆగునో కనిపెట్టియుండుట అవసరము.

మేము చెప్పదలచినది ఇంతియే. బిడ్డను బడికి పంపుమని తల్లికి బోధించుట సులభము. పంపగలిగినంత కూలి ఆమెకు ఇచ్చుట కష్టము. కాని బోధకంటె కూలియే బిడ్డను త్వరగా బడికి చేర్చును. పెద్దవారికి బ్రతుకదగిన కూలి, ధరలతోపాటు ఏటేట దానిని సరిచూచు ఏర్పాటు, పని చేయుచోట పసిబిడ్డలకు సంరక్షణ, పట్నములోని మురికివాడకు సైతము అందు ఉపకారవేతనము, అయిదవ తరగతికిని పదునాలుగవ యేటికిని నడుమ సందు లేని బడి: ఈ అయిదును కలసినపుడే నిషేధమునకు అర్థము కలుగును. ఇవి లేని నిషేధము పిల్లను ఒక పనినుండి మఱియొక పనికి తరిమివేయునని 1990 దశాబ్దపు ఢాకా మనకు చూపినది.

ఈసారి పండుగకు పిల్లలకు బట్టలు కొనునపుడు మెడవద్దనున్న ఆ చిన్న పట్టీని పాఠకులు ఒక్కసారి చూడగోరెదము. కుట్టినామె పేరు దానిమీద ఉండదు. కాని ఆమెకు బిడ్డ యుండును. ఆ బిడ్డకును మన బిడ్డ వయస్సే ఉండవచ్చును.